ఘౌసు బావ బాకీ

ఫోన్ మోగితే ఇంట్లో ఉన్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకునే రోజులవి. ఇద్రీస్ తన ఫోన్ నోరు నొక్కేసి బియ్యం డబ్బా మీద బోర్లించేవాడు. అతను తియ్యకపోతే వాళ్లు అతని భార్య మాహిరాకు చేసేవాళ్లు. ఆమె కూడా తియ్యకపోతే అతని తల్లి మదీనా బీకి. పాపం, మోగే ఫోన్‌ను చూస్తూ ఊరుకోవడం ఆవిడకు చేతకాదు. తీసి, "ఎవులు బాబూ?" అని ఆప్యాయంగా అడిగి, అవతలివాడు అనేదంతా చివరిదాకా విని, "అలాగే బాబూ, సెప్తాను" అని పెట్టేసేది.

అవతలివాడి పేరు సాయిశంకర్. అది అమ్మానాన్నలు పెట్టిన పేరో, ఉద్యోగం కోసం తగిలించుకున్నదో దేవుడికే తెలియాలి. ద్వారకానగర్‌లో ఏదో మేడ మీద కూర్చుని, షార్జాలో ఉన్న ఒక బ్యాంకు తరఫున బాకీలు వసూలు చేసిపెట్టే కంపెనీలో పనిచేస్తాడు. పొద్దున పూట మహా మర్యాదస్తుడు. "సార్, టిఫినయ్యిందా?" అని మొదలుపెడతాడు. మధ్యాహ్నానికి ఆ సార్ ఊడిపోతుంది. సాయంత్రానికి "నీలాంటోళ్లని శానామందిని సూశాం" దాకా వస్తుంది. తగరపువలసలో ఉన్న మాహిరా అన్న నంబరు కూడా ఎక్కడో సంపాదించి, "మీ బావగారు విదేశీ బ్యాంకుని ముంచి పారిపోయి వచ్చార్సార్" అని చెవిలో వేశాడు. ఆ అన్న మరి గుమ్మం తొక్కలేదు.

ముంచడానికి ఇద్రీస్ పెద్ద మొనగాడేమీ కాదు. షార్జాకి ఏసీ గొట్టాలు బిగించే పనికి వెళ్లాడు, ఎండలో మాడి మాడి ఫోర్‌మన్ అయ్యాడు. అక్కడితో ఆగితే బావుండేది. పక్క గదివాడితో కలిసి సొంత వర్క్‌షాప్ పెట్టాడు. జీతం స్లిప్పు ఉన్నది ఇద్రీస్‌కి కాబట్టి బ్యాంకు కాగితాల మీద సంతకం కూడా ఇద్రీస్‌దే. కరోనా వచ్చింది, పనులు ఆగిపోయాయి, పక్క గదివాడు చెప్పకుండా వెళ్లిపోయాడు. ఇద్రీస్ ప్రత్యేక విమానంలో ఒక్క పెట్టెతో విశాఖపట్నం దిగాడు. రెండు నెలల్లో తిరిగి వెళ్లి అన్నీ సర్దుకుంటానని నిజంగానే అనుకున్నాడు. వెళ్లలేదు. వీసా పోయింది, అతను లేకుండానే అక్కడి కోర్టులో కేసు నడిచింది, తీర్పు వచ్చింది, వడ్డీ మీద వడ్డీ పేరుకుంది. అతను విమానంలో వచ్చాడు. అప్పు కాస్త నెమ్మదిగా, కానీ దారి తప్పకుండా, వెనకాలే వచ్చింది.

వచ్చిన దగ్గర్నుంచీ పాతపట్నంలో, ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లే దారిలో ఉన్న తండ్రి దుకాణంలోనే కూర్చుంటున్నాడు. తండ్రి ఘౌస్ మొహిద్దీన్ టార్పాలిన్లు కుడతాడు. పోర్టు నుంచి బొగ్గు ఎత్తుకెళ్లే లారీల మీద కప్పేవి, బోట్ల మీద వలలకు కప్పేవి. ఒక ఇనప కుట్టుమిషను, మైనం పూసిన దారం, అంచులకు బిగించే ఇత్తడి రింగులు, అంతే ఆయన ఆస్తి. కుట్టడానికి టార్పాలిన్ పట్టా కొంటే రొక్కం ఇచ్చే కొనేవాడు. వన్‌టౌన్‌లో ఘౌస్‌కి అప్పిస్తామన్నవాళ్లు ఉన్నారు గానీ, ఇచ్చామన్నవాడు ఒక్కడూ లేడు. అలాంటివాడి కొడుకు ఫోన్ చూస్తే దాక్కుంటున్నాడు.

అక్కడి తీర్పును ఇక్కడి జిల్లా కోర్టులోనే అమలు చేయిస్తామని నోటీసు వచ్చిన రోజు, మాహిరా ఆ కాగితం భర్త చేతిలో పెట్టి గోడకానుకుని కూర్చుంది.

"ఐ.పి. పెట్టీండి," అంది. "ఏటైపోతాది? నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు. ఒక్క రేతిరైనా కంటి నిండా నిద్రోదాం."

ఐ.పి. పెట్టడమంటే ఏమిటో మనవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నా దగ్గర ఇక ఏమీ లేదు మొర్రో అని కోర్టులో అర్జీ పెట్టుకోవడం. చట్టం దాన్ని ఒక దారి అంటుంది. జనం మాత్రం ఆ దారిన నడిచినవాడికి పేరు ముందు ఇంటిపేరులా దాన్ని తగిలించేస్తారు. కంచరపాలెంలో ఒక ఫ్యాన్సీ షాపు ఆయన ఎప్పుడో ఐ.పి. పెట్టి, చనిపోయి కూడా చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ ఇంటిని ఐ.పి. వాళ్లిల్లనే అంటారు. ఇద్రీస్‌కి ఇదంతా తెలుసు. అయినా ఆ మాట వినగానే గుండెల మీద నుంచి ఏదో దిగినట్టే అనిపించింది.

లాయర్ గురునాథరావు గారి ఆఫీసు మహారాణిపేటలో. ఇద్రీస్ బయల్దేరుతుంటే తండ్రి టోపీ సర్దుకుని చెప్పులేసుకున్నాడు.

"మీరెందుకు అబ్బాజాన్, మెట్లెక్కాలి."

"ఎక్కుతాను. నాకేటి కాళ్లు లేవా?"

గురునాథరావు గారు ఓపిగ్గానే చెప్పారు. అద్దె ఇల్లు, అద్దె దుకాణం కాబట్టి జప్తుకి ఏమీ ఉండదట. చేతిపని చేసుకునేవాడి పనిముట్లను ముట్టుకోరు కాబట్టి మిషను పోదట. పేపర్లో ప్రకటన వస్తుంది, కొన్నాళ్లు కోర్టు చుట్టూ తిరగాలి, అన్నీ సవ్యంగా జరిగితే బ్యాంకు పీడ వదులుతుంది. ఈలోగా ఆ నోటీసుకి తనే జవాబు రాసి పంపుతానన్నారు.

"కానీ ఒక్క విషయం ఇద్రీస్ గారూ. ఎవరెవరికి బాకీ ఉన్నారో ప్రతి ఒక్కరి పేరూ రాయాలి. స్నేహితుడనీ చుట్టమనీ ఎవర్నీ వదలకూడదు. ముందుగా ఒకరికి తీర్చేసి ఇంకొకరికి ఎగ్గొట్టారనే మాట రాకూడదు."

"నాకు బ్యాంకు తప్ప ఇంకెవరికీ లేదండీ."

అంతవరకూ గోడకున్న క్యాలెండరు చూస్తూ కూర్చున్న ఘౌస్ అప్పుడు నోరు విప్పాడు. "రాసినోళ్లందరికీ ఒకటే లెక్కేనా బాబూ? సేబదులు ఇచ్చినోడికీ, ఆ బ్యాంకుకీ?"

"ఒకటే లెక్క పెద్దాయనా. చట్టానికి అందరూ సమానమే."

"మంచి సట్టం," అన్నాడు ఘౌస్. వెటకారమో మెచ్చుకోలో ఆయన మొహం చూస్తే తెలియలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కారు. కాన్వెంట్ జంక్షన్ దాటాక తండ్రి అన్నాడు. "ఒరే, మయ్యత్ కాడ కొడుకు లేచి ఏటంటాడు?"

ఇద్రీస్‌కి అర్థమైంది. వాళ్లలో మనిషి పోతే, ఖననానికి ముందు నమాజు కోసం అందరూ వరుసలు కట్టినప్పుడు, పోయినవాడి కొడుకు ముందుకొచ్చి చెబుతాడు. మా తండ్రి వల్ల ఎవరికైనా నొప్పి కలిగితే క్షమించండి, ఆయన ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి, నేను తీరుస్తాను అని. ఆ మాట చెప్పకుండా మనిషిని మట్టిలోకి దించరు.

"ఐ.పి. పెట్టినోడు లేచి నాను తీరుస్తానంటే, ఎనకాల నిలబడినోళ్లు ఏటనుకుంటారు? నవ్వుకోరూ?"

"మీకెవురికీ బాకీ లేదు కదా అబ్బాజాన్. ఎవురు నవ్వుతారు?"

ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇల్లు వచ్చేవరకూ రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే సాయిశంకర్ కొత్త పాట ఎత్తుకున్నాడు. ఈసారి శుక్రవారం మధ్యాహ్నం మసీదు గేటు దగ్గరికి మనుషులతో వస్తాననీ, జనం నమాజు చేసుకుని బయటికి వచ్చే వేళకి మైకు పెట్టి షేక్ ఇద్రీస్ బాగోతం చదువుతాననీ మదీనా బీకే చెప్పాడు. ఆవిడ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఇద్రీస్ శుక్రవారం మసీదుకే వెళ్లలేదు. ఇంట్లో చాప పరుచుకుని, నమాజు మధ్యలో మైకు చప్పుడు వినబడుతుందేమోనని చెవులు అటే పెట్టాడు. ఏ చప్పుడూ రాలేదు. ఎవరూ రాలేదు. ఆ తర్వాత తల్లి ఫోన్ కూడా మోగడం మానేసింది.

"లాయరు గారు రాసిన జవాబు పనిచేసినట్టుంది," అన్నాడు మాహిరాతో. చాలా కాలం తర్వాత ఆ ఇంట్లో చేపల పులుసు వాసన వచ్చింది. ఘౌస్ కూడా రెండుసార్లు వడ్డించుకున్నాడు. గురునాథరావు గారు అర్జీ సిద్ధం చేస్తున్నారు. వచ్చే వారం దాఖలు చేస్తామన్నారు.

ఆ వచ్చే వారం రాకముందే ఘౌస్ పోయాడు. మధ్యాహ్నం ఎండలో, దుకాణంలో, మిషను మీదకు వాలిపోయాడు. ఇద్రీస్ ఇత్తడి రింగులు కొనడానికి కురుపాం మార్కెట్‌కి వెళ్లి వచ్చేసరికి పక్క దుకాణంవాళ్లు ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. మిషను మీద నీలం పట్టా అలాగే ఉంది. సగం కుట్టిన అంచులో సూది దిగి ఉంది. "అబ్బాజాన్, రింగులు తెచ్చాను," అన్నాడు ఇద్రీస్. అలా ఎందుకన్నాడో అతనికే తెలియదు.

సాయంత్రానికి ఇంటికి తెచ్చి స్నానం చేయించి తెల్లబట్టలు చుట్టారు. ఎత్తే ముందు ఆడవాళ్లు మదీనా బీని తల వైపుకు తీసుకొచ్చి, "మెహర్ మాఫ్ సేసీమ్మా," అన్నారు. పెళ్లినాడు భర్త ఇస్తానని ఒప్పుకున్న మెహర్ అది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇవ్వనూ లేదు, ఆవిడ అడగనూ లేదు. ఆవిడ ఆయన మొహంలోకి వంగి, "మాఫ్ సేసీసినాను, ఎల్లండి," అంది. బస్సెక్కించడానికి వచ్చినట్టు, అంత మామూలుగా అంది. అది విని ఇద్రీస్ గోడవైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఖబరస్తాన్ ముందు ఖాళీ స్థలంలో తండ్రిని మోసుకొచ్చిన మంచాన్ని దించారు. జనం బాగానే వచ్చారు. గేటు బయట హార్బర్ వాళ్లు కూడా నిలబడ్డారు, చెప్పులు విడిచి. వాళ్లలో ముందు ఉన్నది సింహాద్రి. జాలరిపేట మనిషి, చిన్న మరబోటు యజమాని. ఘౌసూ ఆయనా చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు బావా అనే పిలుచుకునేవాళ్లు. అందుకే ఇద్రీస్‌కి ఆయన మామ.

పేష్ ఇమామ్ గారు తల ఊపారు. ఇద్రీస్ ముందుకొచ్చి జనం వైపు తిరిగాడు. వరుసల్లో సగం మందికి ఐ.పి. సంగతి తెలుసు. పాతపట్నంలో అలాంటివి దాగవు. ఎవరో దగ్గారు. ఆ దగ్గు తన కోసమే అనిపించింది ఇద్రీస్‌కి.

"మా అబ్బాజాన్ వల్ల ఎవురికైనా ఏదైనా నొప్పి కలిగితే మాఫీ సెయ్యండి," అన్నాడు. "ఆయన ఎవురికైనా బాకీ ఉంటే నన్నడగండి. నాను తీరుస్తాను."

ఈ మాటకు ఎవరూ జవాబు చెప్పరు. అతనికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాడు. ఇచ్చింది ఏదైనా ఉంటే ఆ నిమిషంలోనే మనసులో వదిలేసుకుంటారు, మరీ పెద్దదైతే నాలుగు రోజులాగి ఇంటికొచ్చి మెల్లగా చెబుతారు. ఇమామ్ గారు అటు తిరిగి చేతులు ఎత్తబోతున్నారు.

"నాకుందయ్యా."

అందరూ వెనక్కి తిరిగారు. గేటు బయట సింహాద్రి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. "నాకుంది. ఘౌసు బావ నాకు బాకీ." అంటూనే భోరున ఏడ్చేశాడు.

ఇద్రీస్‌కి ముందు కలిగింది కోపం. ఈ ముసలాడికి సమయం సందర్భం లేదా అనుకున్నాడు. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. అబ్బాజాన్‌కి అప్పా? ఎవరితోనూ ఒక్క మాట పడనివాడికి, ఆఖరి రోజున, ఇంతమందిలోనా? ఇమామ్ గారు అతని వైపే చూస్తున్నారు. నమాజు ఆగి ఉంది. తండ్రి అక్కడ ఆగి ఉన్నాడు.

"నాను తీరుస్తాను మామా," అన్నాడు ఇద్రీస్. అప్పుడు నమాజు మొదలైంది.

మర్నాడు దుకాణం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు సింహాద్రి. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఇంటికొచ్చి సెప్తే నాను కాదంటానా మామా? అందరిలో ఎందుకలా సేసినావు?"

"నీ బాబే సెప్పమన్నాడ్రా అల్లుడూ. నా సేత ఒట్టేయించుకున్నాడు. నా కొడుకు లేచి అడిగినప్పుడు నువ్వు నోరు మూసుకున్నావంటే, నీకూ నాకూ సెల్లు అన్నాడు. గేటు కాడ నిలబడి నాను ఎంత నరకం పడ్డానో నీకేటి తెలుసు."

"అసలు డబ్బెందుకు అబ్బాజాన్‌కి?"

సింహాద్రి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "ఓ పొద్దు సేపల ఏట నుంచొచ్చి బోటు దిగుతన్నాను, జెట్టీ కాడ నిలబడున్నాడు. బావా, డబ్బులు కావాల అన్నాడు. నాను యేళాకోళం అనుకుని నవ్వీసినాను. ఆయన నవ్వలేదు. ఆ ఫోన్‌గాడు మసీదు కాడికొచ్చి నీ పేరు మైకులో సదివీస్తానన్నాడంట కదా. బావ ఆడి ఆఫీసుకెల్లి, నెలనెలా ఎంతోకొంత నాను కడతాను, నా ఆడదానికి ఫోన్ సెయ్యొద్దు, నా కొడుకు జోలికెల్లొద్దు అని ఒప్పందం సేసుకొచ్చినాడు. అందుకు."

ఇద్రీస్ మెట్టు మీద కూలబడ్డాడు. పులుసు రెండుసార్లు వడ్డించుకున్న తండ్రి కళ్ల ముందు కనబడ్డాడు. లాయరు జవాబు పనిచేసిందని తను గొప్పగా చెబుతుంటే, ఆయన తలొంచుకుని ముల్లు తీసుకుంటూ కూర్చున్నాడు. ఈ వయసులో ఆయన ఆ మేడ మెట్లు కూడా ఎక్కి ఉంటాడు. ఆ సాయిశంకర్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ఆ ఊహ ఇద్రీస్‌కి భరించరానిదిగా ఉంది.

రెండు రోజుల తర్వాత లాయర్ ఆఫీసుకు వెళ్లాడు. గురునాథరావు గారు విచారం తెలిపి, అంతా విని, కళ్లజోడు తీశారు.

"చట్టప్రకారం ఆ బాకీ మీది కాదు ఇద్రీస్ గారూ. మీ నాన్నగారి ఆస్తి ఏమీ లేదు కాబట్టి మీ మీదకు రాదు. మర్చిపోండి. అర్జీలో రాయకండి, తీర్చనూ తీర్చకండి."

"నలుగురిలో నిలబడి తీరుస్తానన్నానండీ."

"అయితే మీ బాకీగా ఒప్పుకున్నట్టే. ఆయన పేరు కూడా రాసేద్దాం, బ్యాంకుతో పాటే పోతుంది."

"రాయకుండా, నాను మెల్లగా తీర్చుకుంటే?"

"అదొక్కటీ కుదరదు. బ్యాంకుకి చేతులెత్తేసి స్నేహితుడికి దొంగచాటుగా కడుతున్నాడని వాళ్ల లాయరు లాగి పడేస్తాడు. అర్జీయే ఎగిరిపోవచ్చు."

రాస్తే తుడిచిపెట్టినట్టు, రాయకపోతే కాదన్నట్టు. ఎటు తిరిగినా తండ్రి మంచం ముందు అన్న మాట చచ్చిపోతుంది. మెట్లు దిగుతుంటే ఇద్రీస్‌కి తండ్రి మీద పిచ్చికోపం వచ్చింది. ఈ ఆఫీసులోనే కూర్చుని, అందరికీ ఒకటే లెక్కేనా అని అడిగి, అన్నీ తెలుసుకుని మరీ వెళ్లి అప్పు చేశాడు. ఒక్క తలుపు తెరుచుకుందనుకుంటే దానికి అడ్డంగా పడుకుని పోయాడు.

బస్ స్టాపులో ఉండగా ఫోన్ మోగింది. ఎందుకో తీశాడు.

"సార్, నమస్తే. ఫాదర్ గారి ఫోన్ స్విచాఫ్ వస్తందండి," అన్నాడు సాయిశంకర్.

"మా అబ్బాజాన్ పోయారు."

"అయ్యో. చాలా మంచివారు సార్. వచ్చిన రెండుసార్లూ నాకు కూడా ఒక టీ చెప్పారు." తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "మరి... ఈ నెల ఎవరు కడతారు సార్?"

ఇద్రీస్ ఫోన్ పెట్టేశాడు. తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

ఇంట్లో మాహిరా అంతా విని, ఉపాయం చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు నిద్ర కావాలి. "సింహాద్రి మామని మాఫీ సెయ్యమని అడగండి. అత్తమ్మ సెయ్యలేదా? ఆయనా అంతే. బాకీయే లేకపోతే రాసేదేటి, సంకటమేటి? ఆయన మనసు వెన్న. మీరడిగితే కాదనడు."

నిజమే. ఇద్రీస్‌కి ఆ మాట నచ్చింది. అంత సులువుగా నచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మర్నాడు పొద్దున్నే జెట్టీకి వెళ్లాడు.

సింహాద్రి బోటు అంచున కూర్చుని వల చిక్కులు తీస్తున్నాడు. పక్కన గంపల్లో కానాగంత చేపలు మెరుస్తున్నాయి, ఆడవాళ్లు బేరాలాడుతున్నారు. పోర్టు వైపు నుంచి వచ్చిన నల్లటి దుమ్ము బోటు చెక్కల మీద పల్చగా పరుచుకుని ఉంది. ఇద్రీస్ పక్కన కూర్చుని వల అంచు పట్టుకున్నాడు.

"మాఫీ అడగడానికొచ్చినావా?" అన్నాడు సింహాద్రి, వల మీంచి తల ఎత్తకుండా.

ఇద్రీస్ తల దించుకున్నాడు.

"అడుగు. ఇప్పుడే సేసీగల్ను. నాకేటి, ఆ డబ్బులొస్తేనే అన్నం తింటానా? ఇచ్చిన రోజే అన్నాను బావతో. ఇది బాకీ కాదు, ఉంచీసుకో అన్నాను. ఎంత కోపమొచ్చీసిందనుకున్నావు! దానం తీసుకోడానికి వొచ్చినానేటి, బాకీ అను అన్నాడు. నా సేత అనిపించీదాకా డబ్బులు ముట్టలేదు."

"ఎందుకు మామా? నాను ఐ.పి. పెట్టకుండానా?"

"నాకు ఐ.పి.లూ గియ్యీపీలూ తెల్దు. నాను అడిగినాను, ముసలితనంలో నీకీ పట్టుదలేటి బావా, రేపు నువ్వు పోతే ఆ గుంటడి నెత్తి మీద ఇంకో బరువు కాదేటి అని." సింహాద్రి చేతులు ఆగిపోయాయి. "అప్పుడన్నాడు. ఆ దేశం బాకీ ఆడి సేత తీరదు బావా. తీరని బాకీ మోసీ మోసీ, ఆడు ఫోన్ మోగితే దాక్కుంతన్నాడు, మసీదుకి రావడం మానీసినాడు. ఆడి సేత తీరే బాకీ ఒకటి ఉండాల. అది తీర్చి ఆడు మళ్లీ తలెత్తుకోవాల అన్నాడు."

గంపల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. ఇద్రీస్ తన అరచేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయాడు. తండ్రి బతికున్నప్పుడు తనను ఒక్కసారి కూడా తిట్టలేదు. ఎందుకు చేశావనీ అడగలేదు. రోజూ పక్కన కూర్చుని దారానికి మైనం పూస్తూ అంతా చూశాడన్నమాట. తను సిగ్గుతో కుంచించుకుపోవడం, బియ్యం డబ్బా మీద ఫోన్ బోర్లించడం, శుక్రవారం ఇంట్లో చాప పరుచుకోవడం, అన్నీ చూశాడు. చూసి, ఎవరి ముందూ చాపని చెయ్యి తన కోసం చాపాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. మంచం ముందు కూడా రానంత దుఃఖం.

సింహాద్రి అతని వీపు మీద చెయ్యి వేశాడు. "నీ ఇష్టం అల్లుడూ. మాఫీ అను, మాఫీ. నోటితో అడిగీ, అయిపోద్ది."

ఇద్రీస్ మొహం తుడుచుకున్నాడు. నోరు తెరిచాడు. మాహిరా గుర్తొచ్చింది. ఆమెకు ఏం చెప్పాలో తెలియలేదు. అర్జీ పెట్టకపోతే బ్యాంకు ఊరుకోదు. కోర్టు నోటీసులొస్తాయి, సాయిశంకర్ మళ్లీ మొదలుపెడతాడు, ఇంట్లో మళ్లీ చేపల పులుసు వాసన ఉండదు. ఎన్నాళ్లో తెలియదు. బహుశా ఎప్పటికీ తీరదు.

"దుకాణంలో నీలం పట్టా ఒకటి సగం కుట్టి ఉంది మామా. అది ఎవురిది?"

సింహాద్రి వల పక్కన పెట్టి అతని మొహంలోకి చూశాడు. "నాదే," అన్నాడు మెల్లగా.

"సాయంత్రానికి కుట్టి ఇస్తాను. కూలి నాకివ్వొద్దు. బాకీలో జమ ఏసుకో."

దుకాణం తెరిచేసరికి ఎండ ఎక్కింది. తండ్రి ఎత్తుకు తగ్గట్టు వేసుకున్న పీట మీద కూర్చుంటే ఇద్రీస్ మోకాళ్లు మిషనుకు కొట్టుకున్నాయి. దారం కండె తీసి, ఆయన చేసినట్టే, మైనం ముద్ద మీద లాగాడు. ఫోన్ మోగింది. ఈసారి దాన్ని బోర్లించలేదు.

"చెప్పండి సాయిశంకర్ గారూ. దుకాణంలోనే ఉన్నాను. లేదండీ, ఈ నెల కట్టలేను, ముందు మా అబ్బాజాన్ బాకీ తీర్చాలి. ఆ తర్వాత మీది ఎంత కట్టగలనో అంత కడతాను. కోర్టుకి వెళ్తారా, వెళ్లండి. పిలిస్తే వస్తాను. మా అమ్మీకి మాత్రం చెయ్యకండి. నాకే చెయ్యండి, నేను తీస్తాను."

అవతలివాడు ఏదో అంటూనే ఉన్నాడు. ఇద్రీస్ అంతా విని, ఫోన్ పక్కన పెట్టి, నీలం పట్టాను దగ్గరికి లాక్కున్నాడు. ఆ రోజు తండ్రి కుట్టు ఆపిన చోట సూది అలాగే దిగి ఉంది, ఎవరూ కదపలేదు. చక్రం మీద చెయ్యి వేసి అక్కడి నుంచి మొదలుపెట్టాడు. కళ్లలో నీళ్లు నిండి ఉండటం వల్ల కుట్టు నాలుగు వేళ్ల దూరం వంకరపోయింది, ఆ తర్వాత సర్దుకుంది.